అయిదొందల్లో పండగల ఇల్లు: ఒక గుమ్మం, ఒక మూల చాలు

పోయినేడు సెప్టెంబరులో మా చిన్నమ్మ కూతురు ఫోన్ పట్టుకొచ్చి "అక్కా, మనిల్లు కూడా ఇట్ల చేద్దామా?" అని ఒక వీడియో చూపించింది. ఎక్కడో చలి దేశంలో ఇల్లు. తలుపుకు ఎర్రటి ఎండుటాకుల దండ, మెట్ల నిండా గుమ్మడికాయలు, సోఫా మీద ఉన్ని దుప్పటి. ఆ ఆకుల దండే ప్లాస్టిక్‌ది ఆన్‌లైన్‌లో నాలుగొందల చిల్లరకు ఉంది, పిల్ల అప్పటికే బుట్టలో వేసేసింది కూడా. నేను ఆపి, ముందు ఆ కిటికీలోంచి బయటికి చూడమన్నాను.

అనంతపురంలో ఇది ఆకులు రాలే కాలమా? మనకు ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి మార్చి నెలల్లో. ఆశ్వయుజం, కార్తీకం మనకు శరదృతువు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడితే గొప్ప అనుకునే ఈ సీమలో ఎక్కువ వాన ఇచ్చే నెల సెప్టెంబరే, అందుకే మిగతా కాలమంతా ఎర్రగా ఎండిపోయి ఉండే నేల దసరా దీపావళి నాటికి కాస్త పచ్చగా కనిపిస్తుంది. రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంటుంది, చేలల్లో కొర్ర కంకులు బరువుకు వంగి ఉంటాయి, చెనక్కాయ పీకే పని దగ్గర పడుతుంది, సందు చివర బండి మీద బంతిపూలు కుప్పలు పోసి ఉంటాయి. ఇవన్నీ పెట్టుకుని ప్లాస్టిక్ ఎండుటాకులు ఎందుకు?

మాది రెండు గదుల అద్దె ఇల్లు. మేకు కొట్టాలన్నా ఓనరమ్మను అడగాలి. అయిదు వందల్లో ఎట్లా చేశానో చెప్తాను. ముందుగా ఒక్క మాట, ఇల్లంతా అలంకరించాలని పూనుకోవద్దు. డబ్బులు తక్కువున్నప్పుడు గదికో ముక్క చొప్పున పెడితే ఎక్కడా ఏమీ కనపడదు, ఖర్చు మాత్రం కనపడుతుంది. గుమ్మం ఒకటి, లోపల ఒక మూల. ఉన్న డబ్బు, ఓపిక ఈ రెండు చోట్లే పెట్టండి. మిగతా ఇంటికి శుభ్రం చేయడమే అలంకారం.

శుభ్రం గురించి ఎక్కువ చెప్పను, ఎవరింటి పద్ధతి వాళ్ళది. బూజుకర్ర చివర పాత నూలు గుడ్డ చుట్టి కొంచెం తడి చేస్తే బూజు కింద పడకుండా దానికే అంటుకుంటుంది. ఫ్యాన్ రెక్కకు పాత దిండు గలీబు తొడిగి రెండు చేతులతో నొక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే ఉంటుంది, మంచం మీద రాలదు. ఒక్క నేల దగ్గర మాత్రం జాగ్రత్త. మన వైపు చాలా ఇళ్ళలో కడప బండలో, బేతంచెర్ల బండలో ఉంటాయి. ఇవి నాపరాళ్ళు, అంటే సున్నపురాయి జాతి. ఆసిడ్ పోస్తే మెరుస్తాయని ఎవరైనా చెబితే వినకండి, ఆసిడ్ తగిలిన చోట రాయి తినేసి తెల్లగా పొక్కిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. నిమ్మకాయ, వెనిగర్ చిట్కాలు కూడా ఇదే పని కాస్త నిదానంగా చేస్తాయి. మామూలు సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరాక, నల్ల బండలైతే గుడ్డకు రెండు చుక్కలు కొబ్బరినూనె పట్టించి గట్టిగా తుడిస్తే చాలు. రెండు చుక్కలే. పోయినేడు నేను ధారగా పోసి తుడిచాను, మా ఆయన చెంబుతో సహా జారాడు, పండగ పూట ఆ మాటలు ఇక్కడ రాయలేను.

ఇక గుమ్మం. నా లెక్కలో సగం పని ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పల్లెల్లో మా అవ్వ వాళ్ళు పండగ ముందర గోడ అడుగున జాజు పూసి, దాని మీద సున్నంతో తెల్ల గీతలు గీసేవాళ్ళు. ఎరుపు తెలుపు పక్కపక్కన ఉంటే అంత తక్కువ డబ్బుతో అంత కళ ఇంకే రంగూ ఇవ్వదు. అద్దె ఇంటి గోడకు పూయలేం కాబట్టి నేను ఆ పని తులసి కోటకు, పూలకుండీలకు, మెట్టు అంచుకు చేశాను, అదీ ఓనరమ్మను అడిగే. సున్నం కిలో చాలు, మిగిలిపోతుంది కూడా. ప్లాస్టిక్ బకెట్‌లోనే నానబెట్టండి, అల్యూమినియం గిన్నెను సున్నం తినేస్తుంది. గడ్డ సున్నమైతే నీళ్ళు తగలగానే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచి, ముందు నీళ్ళు పోసుకుని అందులోకి సున్నం కొంచెం కొంచెంగా వేయండి, ముఖం మాత్రం పైన పెట్టొద్దు, కంట్లో పడితే ఆషామాషీ కాదు. రాత్రంతా నానాక పల్చటి గుడ్డలో వడకట్టి, గుప్పెడు ఉప్పు, కాస్త ఫెవికాల్ కలిపితే చేతికి అంటదు. రెండు మూడు చుక్కలు బట్టల నీలిమందు వేస్తే తెలుపు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. జాజు కూడా ఇంతే, నానబెట్టి వడకట్టి గుడ్డ పేలికతో పూయాలి. జాజు పూర్తిగా ఆరాకే తెల్ల గీతలు గీయండి, తొందరపడితే రెండూ కలిసి గులాబీ రంగు తేలుతుంది. ఇంకో సంగతి, ఆయిల్ పెయింట్ వేసిన చోట సున్నం నిలవదు, రెండో రోజుకే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మట్టి కుండీ, సిమెంటు, పాత సున్నపు గోడ, వీటికే బాగా పడుతుంది.

మామిడి తోరణానికి లేత ఆకులు వద్దు, సాయంత్రానికి వాలిపోతాయి. ముదురు ఆకులు కోసి, కడిగి, తడి లేకుండా తుడిచి, తొడిమ దగ్గర దారం మీదికి మడిచి చీపురు ఈనెపుల్ల ముక్కతో గుచ్చండి. మూడడుగుల గుమ్మానికి ఇరవై ఒక్క ఆకులు నిండుగా వస్తాయి. పిన్నులు, స్టేప్లర్ వాడితే రెండు వానలకే తుప్పు చార దిగి గుమ్మం పాడవుతుంది. ఆకులు మాత్రం పక్కింటి చెట్టువైనా అడిగి కోసుకోండి, పండగ రోజు మార్కెట్‌లో కట్ట అడిగితే చెప్పే రేటుకు మామిడికాయలే కొనుక్కోవచ్చు.

బంతిపూల దగ్గర చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. కట్టిన దండ మూరల్లెక్కన కొంటే కట్టుబడి కూలి మనమే ఇస్తాం, పైగా పూలు ఎడంగా ఉంటాయి. విడిపూలు కిలోల్లెక్కన కొనండి, అదీ పండగకు రెండు రోజుల ముందు సాయంత్రం. ముందురోజు పొద్దున మా ఊరి పాతూరు మార్కెట్‌లో నిలబడితే "తీసుకుంటే తీసుకో అక్కా, లేకుంటే జరుగు" అన్నట్టు ఉంటుంది వ్యవహారం. రెండు రోజులు పూలు నిలుస్తాయా అంటే నిలుస్తాయి, నీళ్ళు చల్లకపోతే. కుప్ప మీద నీళ్ళు చల్లితే రెక్కల మధ్యలో తడి నిలిచి లోపలి నుంచి కుళ్ళుతాయి. పేపర్ పరిచి ఒక వరసగా ఆరబోసి, పైన పల్చటి తడిగుడ్డ పూలకు తగలకుండా, స్టూలు మీద గొడుగులాగా కప్పితే చాలు. కొనేటప్పుడు పువ్వు వెనక పచ్చని బుడిపె గట్టిగా ఉందా లేదా చూడండి. అది మెత్తబడితే ముందు నుంచి ఎంత బాగున్నా పాత పువ్వే.

గుచ్చడంలో ఒక కిటుకు ఉంది. అందరూ తొడిమ నుంచి పువ్వు మధ్యలోకి నిలువుగా గుచ్చుతారు. ఏడడుగుల దండ, అంటే గుమ్మం పైన ఒక వంపు, రెండు పక్కలా రెండడుగుల వేలాడే కొస, దీనికి అట్లా గుచ్చితే నాకు డెబ్బైకి పైనే పూలు పట్టాయి. అదే పచ్చని బుడిపెలో అడ్డంగా గుచ్చితే ప్రతి పువ్వూ ముఖం బయటికి పెట్టి నిలబడుతుంది, నలభై చిల్లరతో దండ అయిపోతుంది. దండ అంత మందంగా ఉండదు, నిజమే. మధ్యలో రెండేసి మామిడాకులు మడిచి గుచ్చితే ఆ లోటు కనపడదు. దారం మాత్రం మామూలు కుట్టుదారం వద్దు, తడికి తెగుతుంది. గోనెసంచులు కుట్టే దారం తెచ్చుకోండి.

కట్టేదానికి మేకులు అక్కర్లేదు. గుమ్మానికి రెండు పక్కలా కిటికీ గ్రిల్ ఉంటే దానికీ దీనికీ పురికొస బిగించి కట్టి, తోరణం, దండ రెండూ దానికే వేలాడదీయొచ్చు. అంటించే ప్లాస్టిక్ కొక్కేలు సున్నం గోడ మీద నిలవవు, అర్ధరాత్రి టప్పుమని రాలి మనల్ని లేపుతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది కొర్ర కంకుల కుచ్చు. ఇది అంగట్లో దొరకదు. ఊర్లో ఎవరికైనా చెప్పి పెట్టుకోవాలి, కోత కోసేటప్పుడు జానెడు కాడతో ముప్పై నలభై కంకులు తీసి పెట్టమని. కొర్ర లేకపోతే సజ్జ, జొన్న ఏదైనా సరే, కానీ కొర్ర కంకి వంపు అందమే వేరు, నక్కతోక లాగా ఉంటుంది. ఒక రోజు ఎండలో వేసి పురుగు లేకుండా చూసుకుని, తర్వాత పురికొసతో కట్టి తలకిందులుగా నీడలో వారం రోజులు వేలాడదీయాలి. ఎండలోనే పూర్తిగా ఎండబెడితే రంగు చచ్చిపోతుంది. పిచ్చుకల కోసం వరి కుచ్చులు వసారాలో కట్టడం మనకు ఎప్పటి నుంచో ఉన్నదే, మన దగ్గర వరి తక్కువ కాబట్టి చేతికొచ్చిందే కట్టేది. మా అవ్వను ఫోన్‌లో అడిగితే "కట్టు, కానీ గుమ్మం మీద కట్టొద్దమ్మా, పిట్టలు పొట్టు రాలుస్తాయి, నువ్వేమో పొద్దున్నే ఊడ్చే రకం కాదు" అంది. ఆమె చెప్పినట్టే బయట మెట్టు పక్కన కట్టాను. రెండో వారానికి సగం కంకులు ఖాళీ. ఖాళీ కంకులు కూడా బాగానే ఉంటాయి.

ముగ్గు విషయంలో నాకు జరిగిన నష్టం చెప్తాను. రంగుల పొట్లాలు ఎక్కువ రావాలని ఉప్పులో రంగు కలిపి కడప బండల మీద పెద్ద ముగ్గు వేశాను. రాత్రి వాన. ఉప్పు కరిగింది, రంగు బండ పట్టేసింది, దీపావళి పోయి సంక్రాంతి వచ్చినా ఆ గులాబీ మరక పోలేదు. ఓనరమ్మ ఇప్పటికీ అటు చూసి ఇటు నన్ను చూస్తుంది. కాబట్టి బండల మీద రంగులు వద్దు. రంగే కావాలంటే జల్లించిన ఇసుకలో పసుపు, జాజు, బొగ్గుపొడి కలిపి వేయండి, ఊడిస్తే పోతాయి. వాన భయం ఉన్న రోజుల్లో తడి ముగ్గు మేలు. గుప్పెడు బియ్యం రెండు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డ ముక్క ఆ పిండిలో ముంచి మూడు వేళ్ళ మధ్య పట్టుకుని పిండుతూ గీయాలి. గీసేటప్పుడు ఏమీ కనపడదు, తప్పు చేశామేమో అనిపిస్తుంది, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. మెట్టు మీద పూసిన జాజు పైన ఈ ముగ్గు వేస్తే మూడు నాలుగు రోజులు కదలదు. చీమలు వస్తాయి. రానీయండి.

లోపలి మూల సంగతికి వస్తే, తలుపు తీయగానే కళ్ళు పడే చోటు ఏదో అదే మూల. మీరు కాదు, మీ ఇంటికొచ్చిన మనిషి నిలబడే చోట నిలబడి చూసి ఎంచుకోండి. అక్కడ ఒక ట్రంకు పెట్టె, దాని మీద రెండు చిన్న డబ్బాలు మెట్లలాగా పెట్టి, పైన పాత చీర పరిస్తే పీఠం అయిపోయింది. బొమ్మల కొలువు పెట్టే అలవాటుంటే మూడు మెట్లతో ఇక్కడే పెట్టేయొచ్చు. వెనక గోడకు పాత ధర్మవరం పట్టుచీర ఏదైనా ఉంటే కొంగు కనపడేట్టు వేలాడదీయండి. పట్టుకు పిన్నులు గుచ్చొద్దు, పోగులు జారతాయి. కర్టెన్ రాడ్ మీద వేసి బట్టల క్లిప్పులు పెట్టండి. పెళ్ళి తర్వాత రెండుసార్లు కట్టి బీరువాలో పెట్టిన చీర వెలుగు చూసేది కూడా ఇట్లాగే.

పీఠం మీద ఏం పెట్టాలంటే, ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబు చింతపండు ఉప్పుతో తోమి, అందులో తంగేడు కొమ్మలు. నీళ్ళలో మునిగే ఆకులు తీసేయాలి, లేకపోతే నీళ్ళు వాసనొస్తాయి. తంగేడు రెండు మూడు రోజులే ఉంటుంది, మళ్ళీ కోసుకురావచ్చు, ఖర్చేముంది. పక్కన ఒక గుమ్మడికాయ. ఆ వీడియోలో డజను ఉన్నాయి కదా, మనకు ఒకటి చాలు, మనం దాన్ని తినాలి కూడా. తొడిమ విరగని కాయ చూసి తెచ్చి, తడి లేని చోట పొడి గుడ్డ మీద పెడితే రెండు నెలలకు పైగా చెడదు. కార్తీకం అయ్యాక కోసి పులుసు పెట్టుకుని రాగి సంగటితో తింటే అలంకారం ఖర్చు మొత్తం తిరిగొచ్చినట్టే. వేరుతో పీకిన చెనక్కాయ చెట్టు కట్ట కూడా ఒకసారి పెట్టి చూశాను. చూసేదానికి బ్రహ్మాండంగా ఉంది, సాయంత్రానికి మా చిన్నోడు కాయలన్నీ వొలిచి తినేశాడు.

తాంబాళంలో నీళ్ళు పోసి పూరేకులు వేసేవాళ్ళు రోజూ నీళ్ళు పారబోసి గిన్నె అంచులు రుద్ది కడగండి. ఇది దోమల కాలం, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇట్లాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే, వారం పది రోజుల్లో అవి దోమలైపోతాయి.

కొనదగ్గ వస్తువు ఒక్కటైనా ఉండాలనుకుంటే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళ పని చూడండి. మేకతోలును అద్దంలా పల్చగా చేసి, చిన్న చిన్న చిల్లులు కొట్టి రంగులు వేస్తారు, వెనక దీపం పెడితే ఆ రంగులు వెలుగుతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఇప్పుడు బొమ్మలాటలు తగ్గి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు ఎక్కువగా చేస్తున్నారు. పెద్ద లాంప్‌షేడ్ ఈ అయిదొందల్లోకి రాదు, ఒట్టి మాటలు చెప్పను. నేను నెలనెలా డబ్బాలో వేసుకుంటున్నాను, వచ్చే ఏటికి ఒకటి తెచ్చుకుంటాను. చేసిన మనిషి దగ్గర బేరం మాత్రం ఆడను.

దీపాలకు కొత్త ప్రమిదలు కొన్న రోజే వెలిగించొద్దు, సగం నూనె మట్టే తాగేస్తుంది. పూటంతా నీళ్ళలో నానబెట్టి, తీసి తుడిచి ఆరబెట్టి వాడండి. నూనెలో కాస్త ఆముదం కలిపితే దీపం నిదానంగా ఎక్కువసేపు వెలుగుతుంది. గాజు గ్లాసులో ముప్పావు వంతు నీళ్ళు పోసి పైన వేలెడు మందం నూనె తేల్చి, ప్లాస్టిక్ మూత ముక్కకు చిల్లు పెట్టి వత్తి దూర్చి వేస్తే గ్లాసంతా వెలుగుతుంది, నూనె తక్కువ పడుతుంది, అయిపోతే నీళ్ళు తగిలి దానంతటదే ఆరిపోతుంది. గ్లాసు అడుగున నాలుగు బంతి రేకులు వేస్తే సరి. కానీ కొర్ర కంకులు, చీర, కర్టెన్, వీటికి రెండు మూడడుగుల దూరంలో దీపం అనేదే ఉండకూడదు. ఎండు కంకికి నిప్పు అంటుకుంటే బకెట్ వెతికే లోపల పైదాకా పోతుంది. ఆ మూలకు సీరియల్ లైట్లే వాడండి, పసుపు వెలుగువి, మెరుస్తూ ఆరుతూ ఉండనివి. వాటిని చీర మీద కాకుండా చీర వెనక వేస్తే జరీ అంచు మెరుస్తుంది. బయట వేస్తే ప్లగ్గు, అతుకులు వాన తడవని చోట ఉండాలి, ఇనుప గ్రిల్‌కు అతుకు తగలకూడదు.

నాకైన లెక్క: బంతిపూలు కిలోన్నర నూట ఇరవై, సున్నం జాజు కలిపి అరవై, ప్రమిదలు రెండు డజన్లు ఎనభై, దీపాల నూనె వంద, సీరియల్ లైట్లు వంద, దారం పురికొస ముప్పై, ముగ్గుపిండి పది. గుమ్మడికాయ కూరగాయల ఖాతాలో వేశాను, దాన్ని అడగొద్దు. బంతి ధర ప్రతి ఏడూ మారుతుంది, ఎక్కువైతే పూలు తగ్గించి ఆకులు పెంచండి, లైట్లు ఎట్లాగూ ఒకసారి కొంటే మూడు నాలుగేళ్ళు వస్తాయి. పూలు కిలోన్నర ఎందుకంటే దసరాకు ఒక దండ, దీపావళికి ఒక దండ, మిగిలినవి మూలకు.

వాడిన బంతి దండ చెత్తబండిలో వేయకండి. పూర్తిగా ఎండాక పువ్వును చేత్తో నలిపితే నల్లటి సన్న పుల్లల్లాంటి విత్తనాలు రాలుతాయి, ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. గట్టిగా, నల్లగా ఉన్నవి ఏరి కాగితం పొట్లంలో పెట్టి తేదీ రాసుకోండి. పెద్ద ముద్దబంతిలో హైబ్రిడ్ రకాలు ఎక్కువ, వాటి విత్తనం అదే పువ్వు ఇస్తుందని నమ్మకం లేదు, గింజ కూడా తక్కువే. నాటు బంతి అయితే ఢోకా లేదు. పువ్వు రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది కాబట్టి ఆగస్టు మొదటి వారంలో కుండీల్లో చల్లి, జానెడు ఎత్తు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి దసరాకు నాలుగు కుండీలు నిండుగా పూస్తాయి. నా దగ్గర ఇప్పుడు రెండు పొట్లాలు ఉన్నాయి, ఒకటి చిన్నమ్మ కూతురిది. ప్లాస్టిక్ దండ సంగతి అది మర్చిపోయింది, నేనూ గుర్తు చేయలేదు.